అతుకులేని బొమ్మ

కాన్పుకైనా, జబ్బుకైనా మట్టిబొమ్మ విరిగితేనే కష్టం దాంతోపాటు పోతుందని ఆ లోయలో అందరి నమ్మకం. అందుకే బొమ్మ కాళ్లూ చేతులూ విడిగా చేసి, పుల్లలు గుచ్చి మొండేనికి అతికించేవారు. రాయితో కొడితే అతుకు దగ్గర విరగాలి. కిసారా చేసిన బొమ్మయితే మొదటి దెబ్బకే విరిగేది.

అలాంటి కిసారా తన కూతురు ఇమిరు కాన్పుకని చేసిన బొమ్మ కాల్చేటప్పుడు మంటలో పేలిపోయిందన్నారు. అన్నది ఎవరో కాదు, కిసారా ఆడపడుచు ఉతోమా. ఆ రోజు మంట దగ్గర కాపలా ఉన్నది ఆవిడే. ఇంకోటి చేస్తానని కిసారా ఏడిస్తే, "నీ చేతుల్లో దోషం ఉందే, మట్టి ముట్టకు" అని ఊరి ఆడవాళ్లందరి ముందూ ఆపేసింది. ఇమిరు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డతో సహా పోయింది. ఆ మూడు రోజుల్లోనే ఉతోమా కోడలు పండంటి కొడుకును కన్నది. ఏడాదిపాటు కిసారా తన చేతులను తానే తిట్టుకుంది.

మంచు కరిగాక, విరిగిన బొమ్మలు పారేసే పెంకుల దిబ్బ మీద ఆమెకు ఒక మట్టికాలు దొరికింది. దాని మీద తాడు అచ్చు. ఇమిరు జుట్టు కలిపి పేనిన ఆ తాడును ఆ ఒక్క బొమ్మకే అద్దింది కిసారా. మంటలో పేలిన మట్టి పెచ్చులుగా లేస్తుంది. ఇదేమో అతుకు దగ్గర నున్నగా విరిగింది, పుల్ల చిల్లు కూడా చెదరలేదు. అంటే దీన్ని రాయితోనే కొట్టారు. ఎవరి కాన్పుకో అడగాలా! కిసారా ఒళ్లు మండిపోయింది. అయినా ఆ కాలును ఇంట్లో దాచిపెట్టింది.

చేపలు ఏరు ఎక్కే రోజుల్లో ఉతోమా కడుపు పట్టుకుని వచ్చింది.

"చచ్చిపోతున్నానే కిసారా! ఒక బొమ్మ చేసిపెట్టు తల్లీ."

"నా చేతుల్లో దోషం కదా వదినా?"

"అబ్బ, ఎప్పటి మాటో పట్టుకు వేలాడతావేం!"

"సరేలే, చేస్తా. నీకైతే గట్టిగా చేస్తా."

ఒకే ముద్ద. పుల్ల లేదు, అతుకు లేదు. చేతులు ఒంటికి అంటుకుపోయి, కాళ్లు ఒకటిగా కలిసిపోయి ఉన్న బొమ్మ. అంత మందంలో కాస్త తడి మిగిలినా మంటలో పేలిపోతుంది, అందుకని నెల్లాళ్లు నీడలో తిప్పి తిప్పి ఆరబెట్టి కాల్చింది. అంత ఓపిక పగే ఇచ్చింది ఆమెకు.

పగలగొట్టే రోజు పొద్దున్నే ఊరంతా బండ చుట్టూ చేరింది. దెబ్బలు మూడే. మూడింటికీ విరగకపోతే జబ్బు ఆ మనిషిదే. బొమ్మను దిబ్బ మీద పారేయడానికీ లేదు, ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

ఉతోమా కొట్టింది. బొమ్మ ఖంగుమంది.

"పొద్దున ఏం తినలేదా పెద్దమ్మా?" అని ఎవరో నవ్వారు.

రెండో దెబ్బకు నవ్వు ఆగింది. మూడో దెబ్బకు చేతిలోని రాయి అంచే విరిగింది.

ఉతోమా బొమ్మను తిప్పి చూసి పాలిపోయింది. "అతుకులేవే?"

"నీ కోడలి కాన్పుకి నా ఇమిరు బొమ్మను విరగ్గొట్టావే, అతుకులు దానికి పెట్టాను." కిసారా మట్టికాలు అందరికీ చూపించింది.

ఉతోమా ఆమె కాళ్ల మీద పడింది. "మాదే పేలిపోయిందే! కోడలు పోతుందని భయమేసింది. మీది తీసుకున్నాను. ఇంకోటి చెయ్యవే, బతికించవే!"

కిసారా తనలో జాలి ఉందేమోనని వెతుక్కుంది. రవ్వంత కూడా లేదు.

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని వదినా. చిన్న బొమ్మ ఆరి కాలడానికి రెండు రోజులు చాలు. నా బిడ్డ మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ నన్ను మట్టి ముట్టనివ్వలేదు నువ్వు."

కోడలు తన కొడుకును చంకనేసుకుని అత్తకు దూరంగా జరిగింది. ఉతోమా బొమ్మను ఎత్తుకుని ఒక్కతే ఇంటికి నడిచింది.