విల్లు పెద్దవాడిదే

అడవిలో చెట్లు నరికేవాళ్ళకు తీగ మేపుల్ అనే చిన్న చెట్టంటే పడదు. పెద్ద ఫర్ చెట్ల నీడలో అడ్డదిడ్డంగా పాకి కాళ్ళకు అడ్డం పడుతుంది. నరికిన ఫర్ వచ్చి తన మీద పడినా ఇది విరగదు. విల్లులా వంగి, కింద నొక్కుకుపోయి ఉంటుంది. ఆ వంపు మీద రంపం పెట్టామా, లేచి కొడుతుంది. మా అక్క కొడుకు వెస్లీని అలాగే కొట్టింది, గుండెల మీద. వాడికప్పుడు ఇరవై రెండేళ్ళు.

అలాంటి చెట్టునే మా అక్క అర్లీన్ పెరట్లో నాటింది. వాడు పోయిన కొండ మీద నుంచే, ఆకు రాలాక, నాచుతో సహా నా చేత ఒక పిలక తవ్వించింది. ఇంటికి ఉత్తరాన మూడు ఫర్ చెట్ల కింద గడ్డి కూడా మొలవని చోటు ఉంది. అక్కడ పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెకు మతి పోయిందనుకున్నారు. మా బావ డెల్మర్ ఒక్క మాటే అన్నాడు.

"పాముని తెచ్చి పాలు పోస్తున్నావు."

వెస్లీ పోయిన రోజు పక్కన ఉన్నది బావే. తాను రంపంలో పోసే పెట్రోలు డబ్బా కోసం బండి దగ్గరికి వెళ్ళాననీ, ఈలోగా కుర్రాడు తొందరపడ్డాడనీ చెప్పాడు. చర్చిలో, కాఫీ హోటల్లో, రంపపు మిల్లులో అందరూ ఆ మాటే పట్టుకున్నారు. మంచి కుర్రాడే కానీ తొందరెక్కువ అని అక్క ముఖం మీదే అనేవాళ్ళు. అక్క కాదనలేదు, ఔననలేదు. చెట్టును చూసుకుంది.

మొదటి వేసవులు బకెట్లతో నీళ్ళు మోసింది. రాలిన ఆకు ఊడవనివ్వలేదు. కొమ్మ కత్తిరించనివ్వలేదు. నీడలో అది తొందర లేకుండా, అంతస్తులు అంతస్తులుగా పక్కకు చాచుకుంటూ పెరిగింది. ఎండలో ఉండే మేపుల్ శరత్కాలంలో ఎర్రబడుతుంది. ఇది లేత పసుపయ్యేది. ఆ కొన్నాళ్ళూ అక్క మెట్ల మీద కూర్చుని భోజనం చేసేది.

కిందటి నవంబరు గాలివానకు మూడు ఫర్లలో ఒకటి కూలి మేపుల్ మీద పడింది. తెల్లారి అక్క ఫోన్ చేస్తే వెళ్ళాను. మేపుల్ ప్రధాన కాండం విల్లులా వంగి ఉంది. కొన ఫర్ మొద్దు కింద బురదలో దిగిపోయింది.

"హోలిస్, ఎలాగైనా బతికించరా. వాడిది ఇదొక్కటే మిగిలింది," అంది అక్క.

నాకు మిల్లు పనే తప్ప అడవి పని రాదు. అయినా కొట్టంలోంచి బావ రంపం తీసుకొచ్చాను. దాన్ని స్టార్ట్ చేసే తాడు లాగేలోపే బావ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"దించరా అది, తెలివితక్కువ వెధవా. విల్లు కనిపిస్తే పెద్దవాడే కోయాలి. చిన్నవాళ్ళని దరిదాపులకి రానివ్వకూడదు. నలభై ఏళ్ళుగా మా ముఠాలో అదే పద్ధతి. ఒక్కసారి కూడా తప్పలేదు."

రంపం లాక్కుని వంపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైన కాదు, లోపలి వైపు పల్చగా చెక్కుతూ పోవాలని, అప్పుడు బిగువు మెల్లగా వదులుతుందని నాకు చూపిస్తున్నాడు.

"ఒక్కసారి కూడానా?" అంది అక్క వెనక నుంచి.

బావ చెయ్యి ఆగింది.

"నేను పెట్రోలుకి వెళ్ళానని చెప్పాగా."

"వెళ్ళుంటే వాడు నీకోసం ఆగేవాడు. ఎనిమిదేళ్ళప్పుడే ఈ పద్ధతి వాడికి నేర్పావు. భోజనాల బల్ల దగ్గర, చెంచా వంచి మరీ. నేనక్కడే ఉన్నాను. చెప్పు డెల్మర్, రంపం వాడి చేతికి ఎలా వచ్చింది?"



"ఆ రోజు నడుం పట్టేసింది," అన్నాడు బావ, వంపు కేసే చూస్తూ. "వంగలేకపోయా. నువ్వు కొయ్యరా అన్నా. వద్దు నాన్నా, ఇది నీదే అన్నాడు. పిరికివాడా అన్నా."

అక్క ఏడవలేదు. దగ్గరికి వెళ్ళి అతని చేతిలోంచి రంపం తీసుకుని నాకిచ్చింది.

"ఎవరూ కొయ్యొద్దు. అలాగే ఉండనీ."

ఆ మొద్దు ఇంకా అక్కడే ఉంది. తీగ మేపుల్‌కు నేల తగిలిన చోట వేరు పడుతుంది. ఈ శరత్కాలానికి బురదలో దిగిన కొన దగ్గర కొత్త మొక్క లేచింది. అక్క దాన్ని వేరు చేయించి ఇంటికి మరో పక్కన, బావ పగలంతా కుర్చీ వేసుకుని కూర్చునే కిటికీకి ఎదురుగా నాటించింది. అక్కడా నీడే. బాగా బతుకుతుంది.

దానికి నీళ్ళు ఎవరు పోస్తారని అడిగాను.

"మీ బావ," అంది. "నడుం నొప్పైనా సరే."

రోజూ పోస్తున్నాడు. ఊళ్ళో వాళ్ళు చూసి, కొడుకంటే ఎంత ప్రేమో అనుకుంటున్నారు.