కోళ్ల షెడ్డులో ఆల్బం

పాట శ్రుతి కుదరక నవీన్ "కీ మార్చుదాం" అన్నాడు. జయరాజ్ తలూపి, బండెక్కి, మొయినాబాద్ చౌరస్తా నుంచి టీ తెచ్చాడు. కీ అడిగితే టీ వచ్చింది. రేణుక నవ్వింది, నేను తాగాను. నవీన్ మాత్రం అది వెటకారమే అనుకున్నాడు.

కనకమామిడిలో నవీన్ వాళ్ల కోళ్ల షెడ్డు అది. పాత కోళ్లు పోయి, సున్నం కొట్టి, కొత్త పిల్లలు దిగేదాకా ఖాళీ. ఆలోగా మా మొదటి పాటల ఆల్బం అయిపోవాలి. కాలేజీలో కట్టిన రాక్ బ్యాండు మాది. తర్వాత ఒకరి రాక ఒకరికి గిట్టక ఏళ్లపాటు విడిపోయాం. నవీన్‌ది గిటారు, ఇప్పుడు ఊళ్లో రాజకీయం కూడా వాయిస్తున్నాడు. రేణుక పాడుతుంది, చేవెళ్లలో లెక్కల టీచరు కాబట్టి తాళం తప్పితే చూపుతోనే ఎర్రగీత కొడుతుంది. నాది బేస్ గిటారు, అంటే అందరికీ ఆధారం, ఎవరికీ అక్కరలేని బేరం.

జయరాజ్‌వి డ్రమ్ములు. బ్యాండు పగిలింది అతని దగ్గరే. దొంతన్‌పల్లిలో ఓ కాలేజీ పండుగకు వాయిస్తుంటే నవీన్ గిటారు తీగ తెగింది. పాట ఆపమని ఎంత అరిచినా జయరాజ్ ఆపలేదు. చప్పట్లన్నీ తనకే కావాలని అలా చేశాడని నవీన్ మంట.

ఈసారి నవీన్ లాప్‌టాప్ పెట్టి, ఒక్కొక్కరం విడిగా, హెడ్‌ఫోన్‌లో వచ్చే తాళం టిక్‌టిక్‌కు వాయించాలన్నాడు. అందరం ఎదురెదురుగా కూర్చునే వాయించాలని జయరాజ్ పట్టుబట్టాడు. ఇద్దరి పట్టుకూ పాట పట్టాలెక్కలేదు.

"రేపు గూడ గిట్లనే అయితే డ్రమ్ములు మిషన్‌తోని పెడ్తనన్నా. ఫికర్ చెయ్యకు, పేరు నీదే ఏస్త," అన్నాడు నవీన్, మొహం మీదే.

జయరాజ్ రంగు మారింది. దరువు పోయి పేరు మిగలడం డ్రమ్ములవాడికి బతికుండగానే ఫొటోకు దండ వేసినట్టు.

మర్నాడు మేం వెళ్లేసరికి నా బేస్ స్పీకరును తన స్టూలు వెనక్కి లాక్కుని, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. హెడ్‌ఫోన్ ముట్టలేదు. మమ్మల్ని వాయించమని సైగ చేసి తనూ అందుకున్నాడు. రేణుక వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎక్కడా ఎర్రగీత పడలేదు.

పాట బాగుంది కానీ డ్రమ్ముల్లో స్పీకరు మోత కలుస్తోందని, దాన్ని జరపబోయాడు నవీన్. జయరాజ్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"జరపకురా. జరిపితే నాకు పాట ఉండది."

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, మెల్లగా, నేల చూస్తూ.

"కుడి చెవు కాలేజీలున్నప్పుడే పోయింది. దవాఖానకు ఆలస్యంగ పోయిన. ఎడమది సగం పనిచేస్తది. మీ చేతులు చూసుకుంట వాయిస్త. బేస్ వీపుకు తగుల్తది. ఒక్కన్నే కూసోవెడితే నాకేం తెలుస్తది?"

"మరి గా స్టేజీ మీద?" అంది రేణుక.

"తీగ తెగంగనే నవీన్ నా ఎన్కకు పోయిండు. నాకేం ఇనవడలే. తెల్లారి తిట్టినంకనే తెలిసింది పిలిచిండని."

నవీన్ గొంతు తగ్గింది. "అప్పుడే చెప్పచ్చు కదన్నా."

జయరాజ్ అతని పెదాలు చూశాడు.

"చెవిటోన్ని డ్రమ్ముల మీద ఎవడు కూసోవెడ్తడురా?"

నవీన్ వంగి, లాప్‌టాప్‌లో టిక్‌టిక్ తీసేశాడు.