షెడ్డు గోడ మీద చెమ్మ

పొద్దున్నే వేడినీళ్లు పోసుకున్న మాతే ఆకు కషాయం తాగడం అయిపోగానే అదెమార్ కారు షెడ్డు తలుపులు బార్లా తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడేవాడు. కారు ఎప్పుడో అమ్మేశాడు. అది ఉండే చోట విరిగిన కుర్చీలు, చిక్కుపడ్డ గాలాల తాళ్లు, ఎండిపోయిన రంగు డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. కాగితం మిల్లు మూతపడ్డాక ఊళ్లో చాలామంది మగాళ్లలాగే అతనికీ పొద్దు గడవడం లేదు. చలికాలం వెళ్లిపోతుండగా, ఆ షెడ్డుని బాగుచేసి బల్ల వేసుకుని, నది ఒడ్డున ఉన్న పడవలు మరమ్మతు చేద్దామని నిశ్చయించుకున్నాడు.

సాయానికి అతని బావమరిది ఏబెర్ రోజూ వచ్చి, రాత్రి దాకా ఆ ఇంట్లోనే ఉండేవాడు. పెళ్లి కాలేదు, నోరు ఊరుకోదు, వేడినీళ్ల ఫ్లాస్కు చంకలోంచి దించడు. ఇద్దరూ కలిసి చెత్తంతా వీధిలోకి మోశారు, పనికొచ్చేవి ఒకవైపు సర్దారు. పక్క గోడకి చెక్కలు బిగించి, రంపాలకీ ఉలులకీ సుత్తులకీ వేరువేరుగా మేకులు కొట్టారు. అదెమార్ భార్య నెలీదా కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చి చూసి, "నా వంటింట్లో గరిటెలకి కూడా ఇంత వైభోగం లేదు" అని వెళ్లిపోయింది.

వెనక గోడకి మాత్రం ఏమీ తగిలించలేదు. దాని సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఇంట్లోంచి ఏది పోబోతుందో దాని ఆకారం ముందుగా ఆ గోడ మీద చెమ్మగా దిగుతుంది. అది పోయాక గోడ ఆరిపోతుంది. ఇల్లు అమ్మినావిడ వానకి కప్పు కారుతుందని చెప్పినట్టే ఈ మాటా చెప్పి తాళాలు చేతికిచ్చింది. సైకిల్ని దొంగలెత్తుకుపోయే ముందు చక్రాలు కనిపించాయి. ముసలి కుక్క పోయే ముందు, ముడుచుకుని పడుకున్న కుక్క కనిపించింది. నెలీదా అది పోయేదాకా రోజూ మంచి మాంసం వండి పెట్టింది.

ఆ గోడకీ సున్నం వేశారు. సున్నం ఆరాక, కింద మూలన రెండు బూట్లు దిగాయి.

"ఎవరివిరా అవి?" అన్నాడు అదెమార్.

"నువ్వూ నేనూ అక్కా వేసుకునేవి బూట్లే కదా బావా" అన్నాడు ఏబెర్.

రోజురోజుకీ చెమ్మ పైకి పాకింది. మోకాళ్లు వచ్చాయి, ప్యాంటు వచ్చింది. మగమనిషే అని తేలిపోయింది. తర్వాత నడుం, భుజాలు, దేన్నో పట్టుకున్నట్టు పైకెత్తిన ఒక చెయ్యి.

"ఆ పొట్ట చూడు, నీదే" అని నవ్వాడు ఏబెర్.

"పొట్ట కాదురా, చొక్కా. నీలాగే ఇస్త్రీ లేకుండా వేలాడుతోంది."

ఇద్దరూ నవ్వారు. చివరికి తల మీద టోపీ దిగింది. మర్నాటి నుంచి ఇద్దరూ టోపీలు పెట్టుకోవడం మానేశారు. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి అదెమార్‌కి అన్నం సయించలేదు. ఏబెర్ దగ్గితే చెవులు రిక్కించేవాడు. అతను కాస్త గట్టిగా దగ్గితే గుండెల మీంచి బరువు దిగినట్టుండేది, వెంటనే సిగ్గేసేది. పాత కరెంటు తీగ మార్చాల్సి వస్తే, "నీ చెయ్యి సన్నం, నువ్వయితే బాగా చేస్తావు" అన్నాడు. ఏబెర్ తీగ మార్చాడు. ఏమీ కాలేదు.

మిగిలింది కప్పు కింద అటక. దాని మీద పాత పలకలు పేర్చి ఉన్నాయి. అంతకుముందు రోజు అదెమార్ నిచ్చెనెక్కి, అటకని మోస్తున్న దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూశాడు. అది పిడి దాకా దిగిపోయింది. దిగి, చేతులు దులుపుకుని, ఎవరికీ చెప్పలేదు.

"పైకెక్కి ఆ పలకలు అందివ్వు, నేను నిచ్చెన పట్టుకుంటాను" అన్నాడు ఏబెర్‌తో.

"నువ్వే ఎక్కొచ్చుగా బావా?"

"నా మోకాలి సంగతి నీకు తెలీదా?"

ఏబెర్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఎక్కాడు. మోకాళ్ల మీద పాకుతూ అటక మధ్యకి చేరాడో లేదో, దూలం పెద్ద చప్పుడేమీ చెయ్యకుండా, తడి రొట్టె తుంచినట్టు విరిగింది. పలకలతో పాటు ఏబెర్ కింద పడ్డాడు.

దుమ్ములో అతని కేక వినిపించింది. అదెమార్ వెంటనే తల తిప్పాడు, పడ్డవాడి వైపు కాదు, వెనక గోడ వైపు. మనిషి ఆకారం అక్కడే ఉంది. కొంచెం కూడా ఆరలేదు.

పలకలు పడ్డ చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన నెలీదా గుమ్మంలో నిలబడి ఆ చూపు చూసింది.

ఆమె ముందు తమ్ముడి దగ్గరికే వెళ్లింది. కుడి చెయ్యి విరిగింది, నుదురు చిట్లింది, ప్రాణానికి భయం లేదు. అతన్ని ఆసుపత్రిలో చేర్పించి, మర్నాడు తిరిగొచ్చి, విరిగిన దూలం ముక్కని చేత్తో నలిపింది. అది పొడిపొడిగా రాలింది.

"ఇది పుచ్చిందని నీకు తెలుసా?"

అదెమార్ వంగి, కింద పడ్డ పలకలు ఏరడం మొదలుపెట్టాడు.

"నా తమ్ముణ్ణి ఎక్కించే ముందు తెలుసా అని అడుగుతున్నాను."

"భయమేసింది నెలీదా. నేనేమోనని భయమేసింది."

"వాడికి వెయ్యలేదనుకున్నావా? రోజూ నాతో చెప్పి ఏడ్చేవాడు. అయినా రోజూ వచ్చాడు." ఆమె గొంతు పెంచలేదు. "గోడ మీద ఉన్నది ఆడమనిషి అయ్యుంటే నన్ను ఎక్కించేవాడివా?"

లేదు అనడానికి అతను నోరు తెరిచాడు. మాట రావడానికి పట్టిన ఆ కాస్త ఆలస్యాన్ని ఇద్దరూ విన్నారు.

"వాడు రేపు ఇక్కడికే వస్తాడు, నయమయ్యేదాకా ఇక్కడే ఉంటాడు. వాడున్న ఇంట్లో నువ్వు పడుకుంటే నాకు నిద్ర పట్టదు. వెళ్లిపో."

అదెమార్ బతిమాలలేదు. మేకుల మీంచి తన పనిముట్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దుకున్నాడు. ఎండ కళ్లల్లో పడుతుంటే అలవాటుగా టోపీ పెట్టుకున్నాడు. పెట్టె భుజానికెత్తి, ఒక చేత్తో పట్టుకుని, నది వైపు వీధిలోకి నడిచాడు.

సాయంత్రానికి గోడ ఆరిపోయి ఉంటుంది. నెలీదా చూడ్డానికి వెళ్లలేదు. తమ్ముడి పక్క మీద దుప్పటి మార్చి, ఎడమ చేత్తో తాగడానికి వీలుగా ఉండే గిన్నె కోసం వంటింట్లో వెతుకుతోంది.