గుర్రప్పందేల చట్టాలు చదివినావిడ

లీలావతికి గుర్రప్పందేల చట్టాలు కొట్టినపిండి. సిడ్నీలో ఓ యూనివర్సిటీలో చరిత్ర చెబుతుంది. వలస పాలన నాడు సందుల్లో పందేలు కాసే కూలివాణ్ణి పోలీసులతో తరిమించి, క్లబ్బుల్లో కాసే పెద్దమనిషి దగ్గర మాత్రం పన్ను పుచ్చుకుని ఊరుకున్న దొరల వైనం మీద లావుపాటి పుస్తకమే రాసింది. ఏం లాభం? సొంత మొగుణ్ణి ఆపలేకపోయింది.

అసలు ఆ మహానుభావుణ్ణి మొదట రేసుకోర్సుకు పంపిందీ ఆవిడే. "చదివితే అర్థం కావట్లేదండీ, ఆ పందేల లెక్క ఎలా కడతారో ఓసారి చూసి రండి" అంది. శ్రీపతి ఇంజనీరు. లెక్క చూసొచ్చాడు. అర్థం కాలేదని మళ్లీ వెళ్లాడు. "మా ఆయనకి రేసులంటే అకడమిక్ ఇంట్రెస్ట్" అని ఈవిడ అందరి దగ్గరా గొప్పలు పోయింది. ఇప్పుడు వెళ్లే పని కూడా లేదు, అంతా ఫోన్‌లోనే.

దేశమంతా పందెం కాసే పెద్ద రేసు, కప్ రోజు వచ్చింది. ఊరి శివారు ద పాండ్స్‌లో వాళ్ల వీధంతా మాంసం కాల్చే బార్బీ పొయ్యిల పొగ. ఇంటి వాయిదాలకని దాచిన సొమ్మంతా ఒకే గుర్రం మీద పెడతానని శ్రీపతి సోఫాలో ఫోన్ పట్టుకు కూర్చున్నాడు. అది పోతే ఇల్లు బ్యాంకుది.

పందేలు మానాలనుకునేవాళ్ల పేర్లు రాసుకునే సర్కారీ జాబితా ఒకటుంది. అందులో పేరెక్కితే ఏ ఆన్‌లైన్ కంపెనీ ఆ మనిషి దగ్గర పందెం తీసుకోకూడదు. లీలావతి అక్కడికి ఫోన్ చేసింది. ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి, భార్య రాయిస్తే కుదరదని అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

శ్రీపతి నవ్వాడు. "ఈ జాబితా రూల్స్ పెట్టేటప్పుడు సర్కారు కమిటీ ముందు ఆ పాయింట్ చెప్పింది నువ్వే కదా లీలా! వేరేవాళ్లకి ఆ హక్కిస్తే మళ్లీ పేదోళ్ల మీదే పడతారని. వెనకాల కూర్చుని క్లాప్స్ కొట్టాను కూడా."

"నా నోట మన్ను పడ! మీ కాళ్లు పట్టుకుంటానండీ, మీరే రాయండి. టూ మినిట్స్ పని."

"కప్ అవనీ. ప్రామిస్. ఇది గెలిస్తే అంతా క్లియర్ అయిపోతుంది."

అంటూనే నొక్కేశాడు.

ఛీ అని లోపలికి పోవాల్సిన మనిషి పోలేదు. టీవీ ముందే నిలబడి, "మన గుర్రం ఏదండీ?" అని అడిగింది.

"నీలం చొక్కావాడిది."

చివరి మలుపు దగ్గర నీలం చొక్కా వెనకబడింది. లీలావతికి తెలియకుండానే గొంతు లేచింది. "రా నాయనా, రా, ఇంకొంచెం, నీకు దణ్ణం పెడతాను రా!" క్లాసులో ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి పక్కింటికి వినపడేలా అరిచింది.

గుర్రం గెలిచింది. శ్రీపతి ఆవిణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. ఇల్లు నిలిచింది కదా, పాపం, ఒక్క క్షణం ఆవిడా నవ్వింది. తర్వాత ఫోన్ అతని చేతిలో పెట్టి, "ఇంక పేరు రాయండి" అంది.

"పిచ్చా నీకు? గెలిచినోడు ఎవడైనా మానేస్తాడా?" అని అతను తర్వాతి రేసు వెతుక్కున్నాడు.

లీలావతి ఉన్నచోటే కూలబడి భోరుమంది. దేవుడా, ఆ గుర్రం ఓడిపోయినా బాగుండేది, ఇల్లు పోయినా మనిషి దక్కేవాడు అని ఏడ్చింది.