అత్తగారి పేరున రాసిన ఉత్తరాలు

"టీ అయిపోయింది ముసలీ!" ముందు గదిలోంచి కేకేశాడు మా ఆయన. బోర్సోక్ పిండిముక్కలు వేగుతున్న మూకుడు దించేసి కెటిల్ పట్టుకెళ్లాను. పేరున్న రచయితకి డెబ్బయ్యేళ్లు నిండాయని, ఆయన కాగితాలన్నీ సర్కారు వారు భద్రపరుస్తున్నారు. అందుకే మీరిమ్ అనే పిల్ల పొద్దున్నే వచ్చి, తివాచీ మీద కూర్చుని, కట్ట కట్టకీ పెన్సిలుతో చీటీ రాస్తోంది. ఎలుకల నుంచీ చెమ్మ నుంచీ ఇన్నేళ్లూ ఆ కట్టల్ని కాపాడింది నేను. "మీరూ కూర్చోండి పెద్దమ్మా" అంది నాతో ఆ పిల్ల. "దానికి పొయ్యి దగ్గర పనుందమ్మా" అని నాకు బదులు ఆయనే చెప్పాడు.

ఆయన మాస్కోలో చదువుతున్నప్పుడు నారిన్ కొండల్లోని మా ఊరి నుంచి అత్తగారు రాసిన ఉత్తరాల కట్ట విప్పింది ఆ పిల్ల. "నాకు రాత నేర్పింది ఏ కాలేజీ కాదు, మా అమ్మ ఉత్తరాలు" అని ఎక్కిన ప్రతి వేదిక మీదా చెబుతాడాయన. మొదటి నవలలో అందరూ మెచ్చుకున్న మంచు అధ్యాయం వాటిలోంచి తీసిందే. జనం చప్పట్లు కొడుతుంటే నేను వెనక ఆయన కోటు పట్టుకుని నిలబడేదాన్ని.

మా అత్తగారికి పోయేనాటికి సంతకం కూడా రాదు. పెళ్లయిన వెంటనే నన్ను ఆవిడ దగ్గర వదిలి ఆయన వెళ్లిపోయాడు. ఆవిడ ఉన్ని వడుకుతూ, "వాడికి రాయి, మాంసం బాగా తినమని" అనేది. ఇంకా ఏం రాయమంటారంటే, "నీకు తోచింది రాసుకో. ముందు ఆ పాలు పొంగుతున్నాయేమో చూడు" అనేది. నాకు తోచింది చాలా ఉండేది. మంచు పడే ముందు గాలి ఆగిపోవడం, కొత్తగా పుట్టిన గుర్రప్పిల్ల మొదటిసారి పరిగెత్తడం, ఆయన లేని ఇల్లు. అత్త ఉండగా కోడలు మొగుడికి ఉత్తరాలు రాస్తే ఊరంతా నవ్వుతుంది. అందుకని పెళ్లాం బెంగంతా తల్లి పేరు పెట్టి రాశాను. ఆయనకి ఇదంతా తెలుసు. "కోడలు రాసిందంటే ఎవడిక్కావాలే? అమ్మంటే జనం కళ్లు తుడుచుకుంటారు" అన్నాడు, మొదటి నవల అచ్చయినప్పుడు. ఆ మాట నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

"మాస్టారూ, ఒక అనుమానం" అంది మీరిమ్. "మీ అన్నగారి పేరు కోయ్చుమాన్ కదా? ఇన్ని ఉత్తరాల్లో ఆ పేరే లేదు. అంతటా 'పెద్దింటాయన' అనే ఉంది. కన్నతల్లి కొడుకుని అలా అంటుందా? మన ఇళ్లలో అత్తింటి పెద్దల పేర్లు పలకనిది కోడలే కదండీ?"

పలకడమే కాదు, ఆ పేరు కాగితం మీద పెట్టడానికి కూడా అప్పట్లో నాకు చెయ్యాడేది కాదు. మా బావగారు పోయి ఏళ్లయినా ఇప్పటికీ ఆ పేరు నోట రాదు. పిల్ల నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. ఒక్క మాట చాలు, ఈ వయసులోనైనా.

ఆయన టీ ఊదుకున్నాడు. "మా అమ్మకి పెద్దకొడుకంటే అంత గౌరవం తల్లీ. పాతకాలం మనిషి. 'రచయిత తల్లి ఉత్తరాలు' అని రాసుకో."

పెన్సిలు కదల్లేదు. ఆయన అదేం గమనించకుండా నా వైపు తిరిగాడు.

"ఇవి పుస్తకంగా వేస్తారటే. ముందుమాట అడుగుతున్నారు. నాలుగు పేజీలు రాసిపెట్టు. అమ్మ ధోరణి నీకైతే బాగా వచ్చు."

పరాయి పిల్ల వింటోందన్న ధ్యాస కూడా లేదు. అంత అలవాటైపోయాను ఆయనకి. నేను మోకాళ్లు పట్టుకుని ఆయన ఎదురుగా తివాచీ మీద కూర్చున్నాను.

"ఉత్తరాలు రాసింది ఆవిడేగా! ముందుమాట కూడా ఆవిడ చేతే రాయించుకోండి."