ఆకుపచ్చ పేజీ

ఇస్త్రీ బల్లకు ఒక చివర భర్తగారి చొక్కా, రెండో చివర లాప్‌టాప్, మధ్యలో పంతులమ్మ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క రాతబల్ల ఆయనది కాబట్టి ఆవిడ ఆన్‌లైన్ పాఠాలన్నీ ఈ బల్ల మీదే నడుస్తాయి. ఇస్త్రీ చేస్తూ చదువు చెప్పే ఈ-స్త్రీ అన్నమాట! "ఇంట్లోంచే కదా ఉద్యోగం, ఖాళీగానే ఉంటావుగా" అంటారాయన. కాలర్ మడత విప్పుతూ ఆవిడ ఆ 'ఖాళీ' ఎక్కడుందా అని ఆరేళ్ళుగా వెతుకుతోంది. ఇంకా దొరకలేదు.

ఈసారి ప్రిన్సిపాల్‌గారు కొత్త హుకుం వేశారు. "తెరల వెనక పిల్లలు ఒంటరైపోతున్నారమ్మా. జట్లుగా పని చేయించండి." జట్టు పనంటే జుట్టు పీక్కునే పనని ఆవిడకు తెలుసు. అయినా పిల్లల్ని నలుగురేసి చొప్పున కలిపింది. ఒక్కో జట్టుకు ఒక ఉమ్మడి పేజీ. ఎవరు రాసింది వాళ్ళ రంగులో కనిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నానికల్లా పూర్తిచేసి పంపాలి.

మూడో జట్టు పేజీ తెరిస్తే పై నుంచి కిందిదాకా ఆకుపచ్చే. ఎరుపువాడు శీర్షిక కింద గీత గీశాడు. నీలంవాడు చివర చుక్క పెట్టాడు. పసుపువాడు మాత్రం "శభాష్ మిత్రులారా, మనం సాధించాం!" అని రాశాడు.

శుక్రవారం ఆ ఆకుపచ్చమ్మాయిని తెర మీదికి పిలిచింది. మందుల దుకాణంలో పని చేసుకుంటూ చదువుకుంటున్న పిల్ల.

"నేనీ కోర్సు మానేస్తాను మేడమ్. నలుగురి చదువు నావల్ల కాదు."

"వాళ్ళనడగలేదా?"

"అడిగి, గుర్తుచేసి, బతిమాలి, ఆఖరికి తప్పులు దిద్దుకునేకంటే నేనే చేసేసుకోవడం తేలిక కదండీ."

పంతులమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఈ మాట ఎక్కడో విన్నాననుకుంది. ఎక్కడో ఏమిటి, తన నోటే! పెళ్ళయిన కొత్తలో ఆయన సాయం సాయంత్రం చేస్తాననేవారు. సాయంత్రమయ్యేది గానీ సాయమయ్యేది కాదు. ఒకసారి గిన్నెలు తోమితే, ఆ తోమిన గిన్నెల్ని ఆవిడ మళ్ళీ తోముకుంది. "నీకు నచ్చేలా చెయ్యడం నావల్ల కాదులే" అని ఆయన చేతులు కడిగేసుకున్నారు, ఆపైన గిన్నె మాత్రం కడగలేదు. ఇంటిపనిలో పాలు పంచుకోవడమంటే పాలు కాచేది ఒకరు, తాగేది అత్తగారితో కలిపి ముగ్గురు. చుట్టాలొస్తే మాత్రం "మేమిద్దరం కలిసే చేసుకుంటామండీ" అని పసుపురంగులో ప్రకటన! సహకారంలో 'సహ' ఆయనది, కారం ఈవిడది. 'మేం' అనే చిన్న మాటలో ఎంత విశ్రాంతి ఉందో ఆయన్ను చూసే నేర్చుకోవాలి. ఇంత ఆలోచనా అయ్యేసరికి చొక్కా వీపు మీద ముక్కోణపు మచ్చ తేలింది.

"మానెయ్యకు" అంది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. "నీ వంతు ఉంచుకుని మిగతా మూడు వంతులూ చెరిపెయ్. ఖాళీగా వదిలెయ్."

"వాళ్ళు రాయకపోతే?"

"ఎవరి రంగుకు తగ్గ మార్కులు వాళ్ళకి."

ఆ పిల్ల తలూపలేదు. "ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు మేడమ్. మీరైతే వదలగలరా?"

"ఓ! వదలగలను" అనేసింది పంతులమ్మ. అనేశాక నాలిక్కరుచుకుంది. ఇప్పుడు తాను వదల్లేకపోతే ఆ పిల్లకు చెప్పిన పాఠం ఏం కాను?

ఆదివారం బియ్యం కడిగింది. కొలిచి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. వెలిగించకుండా వచ్చి ఇస్త్రీ బల్ల ముందు కూర్చుంది.

ఒంటిగంటకు భర్తగారు మూత తీశారు. "ఏమోయ్, బియ్యం ఈత కొడుతున్నాయేంటి?"

"నా వంతయిందండీ. వెలిగించడం, దించడం మీ వంతు."

"చెబితే చేసేవాణ్ణిగా!"

"చెప్పడం కూడా పనేనండీ. పదహారేళ్ళుగా చేస్తున్నా."

అలవాటుకొద్దీ అత్తగారు కుర్చీలోంచి లేచారు. "నేను వెలిగిస్తాలేరా..."

"మీరు కూర్చోండత్తయ్యా. మీ వంతు ఎప్పుడో అయిపోయింది."

ఆవిడ కోడల్ని ఎగాదిగా చూశారు, కొడుకును చూశారు, మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. ఆయన పొయ్యి వెలిగించాక "మంట తగ్గించుకో నాయనా" అని మాత్రం అన్నారు.

కాసేపటికి తెర మీద ఆకుపచ్చమ్మాయి సందేశం. "మేడమ్! ఎర్రరంగు కనిపించింది! నాలుగు వాక్యాలు, ఆరు తప్పులు. మానెయ్యాలని లేదిప్పుడు. ఆ తప్పులు మాత్రం దిద్దెయ్యనా?"

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన. పంతులమ్మ కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఒక చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఏమోయ్, అడుగంటుతోంది! ఏం చెయ్యాలి?" లోపలినుంచి కేక.

ఆవిడ రెండో చేత్తో, ఒక్కో అక్షరమే కొట్టింది: "దిద్దకు. వాడి తప్పులు వాణ్ణే దిద్దుకోనీ."

"అమ్మాయ్, మాడిపోతోందే!" అన్నారు అత్తగారు, కుర్చీ చేతులు పట్టుకుని.

"అవునత్తయ్యా" అంది పంతులమ్మ, మచ్చపడ్డ చొక్కాను అలాగే తీసి ఆయన రాతబల్ల కుర్చీకి తగిలిస్తూ. "ఇన్నాళ్ళకి ఆయన రంగు కనిపిస్తోంది."