జోడు చొక్కా

శివరాత్రి వెళ్ళిన మర్నాటి నుంచి ఎర్రబండపల్లిలో టైలరు రామదాసుకు ఊపిరి సలపదు. అరుగు మీద కుట్టు మిషను, మిషను ముందు మనుషులు, మనుషుల కాళ్ళ దగ్గర కుక్కలు. ఎండలు ముదరకముందే కుక్క ఉన్న ప్రతి ఇంటికీ జోడు చొక్కాలు కుట్టి ఇచ్చెయ్యాలి. జోడంటే మనిషికొకటి, కుక్కకొకటి. రెండూ ఒకే గుడ్డలోంచి కత్తిరించాలి. రామదాసు మనుషుల కొలతలు కంటితో చూసి చెప్పేస్తాడు గానీ కుక్క దగ్గర మాత్రం టేపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంటాడు. కుక్క చొక్కాకు గుండీలు పెట్టడు, అవి కొరికి పారేస్తాయి. కడుపు కింద ముడి వేసుకునేలా నాడాలు కుడతాడు. గుడ్డ నూలుదై ఉండాలి, రంగు లేతగా ఉండాలి.

"టెర్లిన్ గుడ్డ తెచ్చినోళ్ళు ఇట్లే ఎనిక్కి పోండ్రప్పా" అని ముందే కేకేస్తాడు.

జోడు తొడుక్కున్నాక ఒకరి మీద పడిన ఎండా నీడా తడీ ఇద్దరికీ చెరిసగం అవుతాయి. అందుకే తనకల్లు వైపు పల్లెల్లో ఎండాకాలం కుక్కలకు జరిగే మర్యాద కొత్తల్లుళ్ళకు కూడా జరగదు. మనిషి రోడ్డు పనిలోనో రాళ్ళ దగ్గరో మాడుతుంటే వాడి కుక్క ఇంట్లో కడవ పక్కన తడి ఇసుకలో పడుకుని ఉంటుంది. మాజీ సర్పంచి బయ్యన్న అయితే కుక్క కోసం ప్రత్యేకంగా కూలరు కొన్నాడు. తన చొక్కాకు కాలరుందని కుక్క చొక్కాకూ కాలరు పెట్టించాడు. మిట్టమధ్యాహ్నం జీపులో ఊళ్ళు తిరిగొచ్చినా ఆయన నుదుటి మీద చెమట కనపడదు.

మనిషి పోతే మాత్రం జోడు పోయినట్టే. ఆ మధ్య ఒక ఏడు గంగాధరప్ప రాళ్ళబండి తోలుతూ ఎండదెబ్బకు కూలిపోయాడు. ఆ నిమిషాన ఇంటి దగ్గర రొప్పుతున్న అతని కుక్క రొప్పడం ఆపేసి, లేచి, ఒళ్ళు దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. కబురు చేరేసరికే వాళ్ళావిడ గాజులు తీసేసి కూర్చుని ఉంది.

2003లో వానలు మళ్ళీ ఎగ్గొట్టాయి. బోర్లు ఎండాయి, బావులు ఎండాయి. లక్ష్మక్క మొగుడు ఆదెన్నకు పని దొరికింది ఆ ఎండిన బావుల్లోనే. అడుగుకు దిగి పక్కగోడల్లోకి అడ్డంగా బోరు వేస్తే ఎక్కడైనా ఊట తగులుతుందేమోనని రైతుల ఆశ. మేస్త్రీ తిప్పేస్వామి వెంట ఈరోజు ఒక బావి, రేపు ఒక బావి. ఆదెన్న వారానికోసారి ఇంటికొచ్చేవాడు, ఒక్కోసారి అదీ లేదు. లక్ష్మక్క మాత్రం రోజూ మధ్యాహ్నం చెంబెడు నీళ్ళు తెచ్చి కరియ వీపు మీద చల్లేది. కరియ వాళ్ళ నల్లకుక్క. ఆ నీళ్ళతో ఎక్కడో బావి అడుగున ఆదెన్న వీపు తడుస్తుంది. తాగడానికి లేని కాలంలో చెంబెడు నీళ్ళు కుక్క మీద పోస్తోందని అత్త సాధించేది. లక్ష్మక్క వినిపించుకునేది కాదు. ఆ మనిషంటే ఆమెకు ప్రాణం, అందులో దాచుకోవలసిందేమీ లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె చెంబు పట్టుకుని వచ్చేసరికి కరియ అప్పటికే తడిసి ఉంది. లేతనీలం గళ్ళ చొక్కా ఒంటికి అతుక్కుపోయి, అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కింటి చౌడేశ్వరి పరుగెత్తుకొచ్చింది.

"ఓమ్మో, నీళ్ళు పడినట్టుండాయే లక్ష్మక్కా! మీ ఆయప్ప చేతికి గంగ తగిలింది."

లక్ష్మక్క నవ్వింది. ఎన్ని బావులు దిగినా పడని నీళ్ళు ఇప్పటికి పడ్డాయి. చౌడేశ్వరి వేళాకోళానికి కుక్క చొక్కా అంచు పట్టుకుని పిండింది. చెంబు నిండింది. చొక్కా మళ్ళీ తడిసింది. మళ్ళీ పిండితే బిందె నిండింది. రుచి చూస్తే ఉప్పదనం లేదు, కొబ్బరినీళ్ళ మాదిరి ఉన్నాయి. సాయంత్రానికి ఊళ్ళో సగం బిందెలు లక్ష్మక్క వాకిట్లో ఉన్నాయి, వరస రాత్రంతా తెగలేదు.

మర్నాడు కూడా కరియ ఆరలేదు. ఎర్రటి ఎండలో నిలబెట్టినా ఆరలేదు. చెయ్యి వేస్తే శవాన్ని ముట్టుకున్నంత చల్లగా ఉంది. తోక మీద పచ్చగా పాచి మొదలైంది. మొరిగితే గొంతు పైకి రావడం లేదు, ఎక్కడో లోతు నుంచి మొరిగినట్టు గుంయ్‌మని వినపడుతోంది. ముద్ద పెడితే తినలేదు. అన్నిటికంటే లక్ష్మక్కను భయపెట్టింది దాని తల. కరియ తల దించడం మానేసింది. కూర్చున్నా పడుకున్నా గడ్డం పైకెత్తే ఉంచుతోంది. కునుకు పట్టి తల వాలితే ఉలిక్కిపడి మళ్ళీ ఎత్తుతోంది.

నీళ్ళు పడితే ఏ మనిషైనా పైకొచ్చి ఒళ్ళు తుడుచుకుంటాడు, అన్నం తింటాడు. ఇతను నిన్నటి నుంచి నీళ్ళలోనే ఉన్నాడు, గొంతు దాకా. ఆ సంగతి అర్థమవగానే లక్ష్మక్క పరుగు తీసింది.

ఎస్.టి.డి. బూత్‌కు పోయి మేస్త్రీకి ఫోను చేసింది.

"ఆదెన్నా? పని వద్దని యెళ్ళిపోయినాడు కదమ్మా. ఇంటికి రాల్యా?" అన్నాడు తిప్పేస్వామి.

"ఏ బాయిలో దింపినావు? అది చెప్పన్నా."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కుక్క లేదు. బయ్యన్న మనుషులు తీసుకుపోయి ఆయన చీనీ తోటలో కట్టేశారు. వాకిలి ఇరుకైంది, జనం తొక్కుకుంటున్నారు, తోటైతే అందరికీ సౌకర్యమని చెప్పారట. బత్తాయిలు కాయాల్సిన బయ్యన్న చీనీ చెట్లు ఆ ఏడు నిలువునా ఎండుతున్నాయి. ఇప్పుడు కుక్క చుట్టూ వరస కట్టి ఆడవాళ్ళు పిండుకుంటున్నారు, బిందెలు నిండాక మిగిలింది పాదుల్లోకి పారుతోంది. ఎవరి మొహంలోనూ చెడ్డతనం లేదు. దాహంతో ఉన్నవాళ్ళకు నీళ్ళు దొరికితే ఎలా ఉంటారో అలాగే ఉన్నారు.

"బయ్యన్నా, మా ఇంటాయప్ప యాడో బాయిలో ఇరుక్కున్నాడు. జీపు ఇయ్యన్నా, ఎతుకుదాం" అంది లక్ష్మక్క.

"ఎవరన్నారు ఇరుక్కున్నాడని?"

"కుక్క చెప్తాండాది. చూడు, దాని తల చూడు."

బయ్యన్న చూశాడు. నెమ్మదిగా, దయగానే మాట్లాడాడు. "చూసినా. కుక్క తడిసి ఉండాదంటే మనిషి బతికి ఉన్నాడనే కదమ్మా. గంగాధరప్ప మాదిరి కాలే కదా. బతికే ఉన్నాడు, ఇంక తొందరేముంది? ఈ రెండు దినాలు చెట్లు ఊపిరి పోసుకోనీ. మనిషిని పంపిస్తాలే."

లక్ష్మక్క చౌడేశ్వరి వైపు చూసింది. చౌడేశ్వరి బిందె వైపు చూసుకుంది. ఆ చొక్కా విప్పి పారేద్దామని లక్ష్మక్క చెయ్యి నాడా దాకా పోయింది. విప్పితే ఆదెన్న ఉన్నాడో లేడో చెప్పే దిక్కు కూడా ఉండదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే కూలబడి ఏడ్చింది. ఆడవాళ్ళు ఆమెకు అడ్డం రాకుండా పక్క నుంచి వంగి పిండుకున్నారు.

తెల్లవారి, జనం ఇంకా పలచగా ఉండగానే, లక్ష్మక్క తోటకు పోయి కొడవలితో కుక్క తాడు కోసేసింది. "పా కరియా, యాడున్నాడో పా" అంది.

కరియ గడ్డం పైకెత్తుకునే పరుగు తీసింది. లక్ష్మక్క వెంట పడింది. కేకలు విని ఊరు వెనక బయల్దేరింది. కుక్క పోతే నీళ్ళు పోయినట్టే. ఆడవాళ్ళు బిందెలు చంకనేసుకున్నారు, ఎప్పటి అలవాటో చేంతాళ్ళు కూడా భుజాన వేసుకున్నారు. చౌడేశ్వరి మొగుడు రంగన్న, టేపు మెడలో ఉండగానే రామదాసు, వాళ్ళ వెనక జీపులో బయ్యన్న. ఎండిన వంక దాటి, బండల మధ్య, గడ్డి పరక లేని నేల మీద అందరూ ఒక నల్లకుక్క వెనక నడిచారు. దారి పొడుగునా దుమ్ములో దాని నీటి చుక్కలు పడి వెంటనే ఆరిపోతున్నాయి.

పొద్దు నెత్తికెక్కే వేళకు కరియ నడక మారింది. మూతి ఇంకా పైకి లేచింది. కాసేపటికి ముక్కు సూటిగా ఆకాశం వైపు పెట్టి, దారి కనపడక రాళ్ళకు తగులుకుంటూ, నోటితో ఊపిరి అందుకుంటూ నడుస్తోంది. నిన్న ఇలా లేదు, మొన్న ఇలా లేదు. నిన్నకూ ఈరోజుకూ తేడా ఏమిటని లక్ష్మక్క ఆలోచించింది. పొద్దున్నుంచి ఎవరూ దాన్ని పిండలేదు.

బావి వచ్చేసింది. ఎవరో వదిలేసి పోయిన పొలం, చుట్టూ కంప. ఒకవైపు గట్టు కూలి, మేస్త్రీ నిచ్చెన విరిగి వేలాడుతోంది. లక్ష్మక్క పడుకుని తొంగిచూసింది. లోపల నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద వెల్లకిలా ఒక మొహం మాత్రం, పెదాలు మూసుకుని.

"పిండండ్రే!" అని అరిచింది లక్ష్మక్క. "కుక్కను పిండండ్రే, మీ కాళ్ళు మొక్కుతా, పిండండ్రే!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు చౌడేశ్వరికి అర్థమైంది. బిందె విసిరేసి చొక్కా అంచు పట్టుకుంది. తర్వాత అందరూ పట్టుకున్నారు. పట్టుకోవడానికి బిందె ఒక్కరూ పెట్టలేదు, నీళ్ళు నేల మీదికే పోయాయి. బయ్యన్న జీపు దిగి వచ్చి, పంచె తడిసిపోతుండగా రెండు చేతులతో పిండాడు. నేల ఎన్నేళ్ళ దాహంతో ఉందో, అంత నీటినీ చప్పుడు చేసుకుంటూ తాగేసింది. బావిలో మొహం కింద గొంతు తేలింది, గొంతు కింద భుజాలు తేలాయి.

"కాలు మీద బండ పడిండాది" అని కింద నుంచి ఆదెన్న గొంతు వచ్చింది. "ఊట పేలి గట్టు కూలినాది. మేస్త్రీ పారిపోయినాడు." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "ఎవరప్పా ఈ రెండు దినాలు తోడింది? మూతి దాకా వస్తాండె, మళ్ళా దిగిపోతాండె. ఎవరో పుణ్యాత్ములు పైన తోడతానే ఉండారనుకుంటి. అదే ధైర్యంతో నిలబడినా."

పైన పిండుతూనే ఉన్నారు. వాళ్ళను తిట్టాలో దండం పెట్టాలో లక్ష్మక్కకు తెలియలేదు. రెండూ చెయ్యాలనిపించింది.

చేంతాళ్ళన్నీ ముడేశారు. నీళ్ళు మోకాళ్ళకు దిగాక రంగన్న తాడు పట్టుకుని దిగి, జీపులోని గడ్డపారతో బండ కదిపాడు. ఇద్దరినీ పైకి లాగారు. ఆదెన్న ఒళ్ళంతా నానిన అటుకుల్లా తెల్లబడి ఉంది. నేల మీద పడుకోబెడితే ఎండకు ఇద్దరి చొక్కాలూ, మనిషిదీ కుక్కదీ, ఒకేసారి ఆరాయి. కరియ తల దించి, ఆదెన్న పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయింది. లక్ష్మక్క మొగుడి అరికాళ్ళు రుద్దుతూ, నవ్వుతూ ఏడుస్తూ ఉంది.

ఊట తెరుచుకునే ఉంది. చూస్తుండగానే బావిలో నీళ్ళు మళ్ళీ ఎక్కుతున్నాయి. ఆడవాళ్ళు గట్టు చుట్టూ నిలబడి చూశారు. ఒకామె వచ్చిన దారి వైపు తిరిగి, ఊరు ఎంత దూరమో కళ్ళతో కొలుచుకుంది.

బయ్యన్న వచ్చి ఆదెన్న పక్కన గొంతుకూచున్నాడు. తన తువ్వాలుతో అతని మొహం తుడిచాడు.

"పెద్ద గండం తప్పినాది ఆదెన్నా. కాలు బాగు కానీ, నిదానంగా చూద్దాం. నీళ్ళు ఈడుండాయి, ఊరు ఆడుండాది. ట్యాంకరు పెడితే ఎన్ని దినాలు తెస్తాం? ఎవరన్నా ఒకరు పొద్దున కొంచేపు, సాయంత్రం కొంచేపు నీళ్ళలో నిలబడితే సాలు. ఇరుక్కోకుండా మంచి నిచ్చెన ఏపిస్తా. కూలి నేనిస్తా, జోడు గుడ్డ కూడా నేనే తెస్తా."

అందులో తప్పేమీ కనపడక జనం తల ఊపారు. అలసిపోయి ఉన్న ఆదెన్న కూడా, ఇన్ని రోజులు తోడిన పుణ్యాత్ములు వీళ్ళే కదా అనుకుని, "సరేలే అన్నా" అనబోయాడు.

లక్ష్మక్క అతని నోరు అరచేత్తో మూసింది. మొగుడి చొక్కా విప్పింది, కరియ నాడాలు విప్పింది. రెండు చొక్కాలూ బయ్యన్న ఒళ్ళో పెట్టి, మొగుడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని లేపింది. ఊరి దారి కాకుండా, కంప దాటి గోరంట్ల రోడ్డు వైపు తిరిగింది.

"ఇల్లు అట్ల కదమే?" అన్నాడు ఆదెన్న కుంటుతూ.

"గోరంట్లలో మా అక్కుండాది. ఆడికి పోదాం."

"మరి మా అమ్మో? సామాన్లో?"

"అత్తను మా బావ పోయి పిల్చకొస్తాడు. దప్పికతో ఉండే ఊర్లోకి నిన్ను మళ్ళా తీసకపోను. ఎవరు మంచోళ్ళో ఎవరు చెడ్డోళ్ళో నాకు తెలీడంల్యా. నువ్వు మాత్రం పద."

వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆపడానికి ఎవరూ రాలేదు. కరియ ఒట్టి ఒంటితో వాళ్ళ ముందు పరుగెత్తుతోంది. కొంచెం దూరం పోయాక బయ్యన్న గొంతు వినిపించింది. ఎవరినీ గద్దించడం లేదు, మామూలుగానే అడుగుతున్నాడు.

"రంగన్నా, నీకు ఈత వచ్చు కదా?"

తర్వాత చౌడేశ్వరి ఏదో అంది, గాలికి ఆ మాట సరిగ్గా వినపడలేదు. లక్ష్మక్క వెనక్కి తిరిగి చూడలేదు. మొగుడి నడుము గట్టిగా పట్టుకుని నడక పెంచింది.